మూడో కేకు ముక్క

పోయిన వారం పత్రికని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వకపోతే, అలాంటి పాఠకుల కోసం జరిగిన కథ నాలుగు ముక్కల్లో. పెన్‌గారో ఊళ్ళో, కొండవాలు ఇంట్లో, నలభై ఏళ్ళు కాపురం చేసిన లవ్‌డే, డెంజిల్ నాన్కారో దంపతులు ఆ ఇల్లు అమ్మేసి మెట్లు లేని ఇల్లొకటి కొనుక్కుంటున్నారు. కారణం డెంజిల్ మోకాళ్ళు. వీధిలోంచి వాళ్ళ గుమ్మానికి ఇరవై ఆరు మెట్లు. కిందటి శీతాకాలంలో డెంజిల్ పద్నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయి, పైకీ పోలేక కిందకీ రాలేక, పోస్టుమాన్ వచ్చేదాకా గంటన్నర వానలో తడిశాడు.

కొనబోయే ఇల్లు హెడ్లీ కార్బిస్ అనే పెద్దమనిషిది. భార్య పోయింది. మాట మెత్తన, మర్యాద ఎక్కువ. కాగితాల పని చూస్తున్నది మాత్రం ఇళ్ళ ఏజెంటు అంటగట్టిన ఒక పెద్ద కంపెనీ. రెండు వందల మైళ్ళ అవతల ఉంటుంది. అక్కడి నుంచి ఇప్పటికి ఆరుగురు లవ్‌డేతో మాట్లాడారు. ఆరుగురూ మంచివాళ్ళే. ఒక్కరూ ఇల్లు చూడలేదు, ఊరు చూడలేదు. ఆవిడకి మనసు పీకింది. ఊళ్ళో ఉన్న సొలిసిటరెవరికైనా, అంటే ఇళ్ళ కొనుగోళ్ళు చూసే వకీలెవరికైనా, ఆ కాగితాలు ఒకసారి చూపిద్దామని బయల్దేరింది. ఊళ్ళో ఉన్నవి మూడే ఆఫీసులు. మంగళవారం మొదటివాళ్ళూ, బుధవారం రెండోవాళ్ళూ ఇంటి అడ్రసు వినగానే ఒకే మాట అన్నారు: "ఈ పని మేం పట్టలేం. ఎందుకని అడక్కండి."

ఇవాళ శుక్రవారం. సంతకాలు పెట్టిన ఒప్పందాలు రెండు వైపుల సొలిసిటర్ల దగ్గరా ఎప్పటినుంచో తేదీ లేకుండా పడున్నాయి. మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ళు ఒకరికొకరు ఫోన్ చేసుకుని 'సరే' అనుకుంటారు. ఆ ఒక్క 'సరే'తో ఇల్లు కొన్నట్టే. ఆ తర్వాత వద్దంటే కుదరదు.

పదకొండుకి పది నిమిషాలుండగా లవ్‌డే మూడో ఆఫీసు తలుపు తోసింది.

"ఏమే, వీలునామా రాయించడానికా?" అంది అక్కడి గుమాస్తా మోర్వెన్నా, టైపు చేస్తున్న చేతులు ఆపకుండానే. ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ. "డెంజిల్‌ని చివరికి వదిలించుకుంటున్నావా?"

"ఆయన రాసివ్వడానికి మోకాళ్ళు తప్ప ఏముందే? ఎవరు పుచ్చుకుంటారు? మీ ఆయన ఉన్నాడా?"

"ఆయన మా ఆయన కాదు, మా బాసు. ఊళ్ళో పుకార్లు లేపకు. ట్రెంబాత్ గారు ఫోన్లో ఉన్నారు, కూర్చో. ఈ కేకు తిను. నేను తింటే డాక్టరు నన్ను తింటాడు."

పళ్ళెంలో పసుపుపచ్చని కేకు ముక్క. కుంకుమపువ్వు కేకు. ఆ ఊళ్ళో అది ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, కాబట్టి దాన్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. లవ్‌డే కూడా ఆశ్చర్యపోలేదు. నోట్లో పెట్టుకుంది.

నమలడం ఆగిపోయింది.

ఆవిడ ఇరవై రెండేళ్ళు బడి వంటింట్లో పనిచేసింది. ఊళ్ళో ఏ ఇంటి కేకులో ఏం వేస్తారో, ఏం వేశామని అబద్ధం చెబుతారో ఆవిడకి తెలుసు. పెన్‌గారోలో ఎవరూ ఇంత కుంకుమపువ్వు వెయ్యరు. దాని ధర తెలిసినవాళ్ళెవరూ వెయ్యరు. పైగా ఇందులో నిమ్మతొక్క తురుము ఉంది. నిమ్మతొక్క వేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కరే, హెడ్లీ కార్బిస్. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన మూడుసార్లూ ఆయన తన చేత్తో కోసి పెట్టాడు. "మా ఆవిడ చేతి వంట. ఆవిడ పోయాక నేను నేర్చుకున్నాను," అని కళ్ళు తుడుచుకున్నాడు కూడా. మూడుసార్లూ సరిగ్గా అదే మాట దగ్గర తుడుచుకున్నాడని లవ్‌డేకి అప్పుడు తోచలేదు.

మంగళవారం మొదటి ఆఫీసులో టీ కప్పు పక్కన ఇలాంటి పసుపు ముక్కే ఉంది. బుధవారం రెండో ఆఫీసులో బల్ల దగ్గరి అమ్మాయి వేళ్ళకంటిన పసుపు పొడి దులుపుకుంటూ "ఈ పని మేం పట్టలేమండీ" అంది.

"ఇది ఎవరిచ్చారే?"

మోర్వెన్నా చేతులు కీబోర్డు మీద ఆగాయి. "ఆఫీసు విషయాలు చెప్పకూడదు."

"కేకు ఆఫీసు విషయమా?"

"ఈ ఆఫీసులో బిస్కట్టు కూడా రహస్యమేనే తల్లీ. నన్నడక్కు." అంతవరకూ నవ్వుతున్న మనిషి ఉన్నట్టుండి మొహం కిందకి దించుకుని, పళ్ళెం తీసి సొరుగులో పెట్టేసింది. తినేది సొరుగులో దాచడం లవ్‌డే ఎరిగిన మోర్వెన్నా అలవాటు కాదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది.

అంబ్రోజ్ ట్రెంబాత్‌కి డెబ్భై దాటాయి. ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతిమీదుగానో ఆయన తండ్రి చేతిమీదుగానో చేతులు మారినవే. గది నిండా నల్లరేకు పెట్టెలు, వాటిమీద తెల్లటి అక్షరాలతో కుటుంబాల పేర్లు. పోయినవాళ్ళ పేర్లు ఎక్కువ. కిటికీలోంచి సముద్రం కనిపించాలి. పొగమంచు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"కూర్చోండి నాన్కారో గారూ. డెంజిల్ కాళ్ళెలా ఉన్నాయి?"

"రెండూ ఉన్నాయండి. పనిచెయ్యవు." ఆవిడ సంచీలోంచి కాగితాలు తీసి బల్లమీద పెట్టింది. "మా పనంతా దూరాన ఒక కంపెనీ చేస్తోంది. మీరొక్కసారి ఇవి చూస్తారేమోనని. మీ ఫీజు ఎంతైనా..."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పై కాగితం అందుకున్నాడు. అడ్రసు దగ్గర చూపు ఆగింది. కాగితం తిరిగి బల్లమీద పెట్టేశాడు. పెట్టి, వేలితో మెల్లగా ఆవిడ వైపు తోశాడు, అది తన వైపు అంగుళం కూడా ఉండకూడదన్నట్టు.

"ఈ పని నేను పట్టలేనమ్మా."

"ఎందుకని అడక్కూడదు."

"అడక్కూడదు."

"మూడో మనిషి మీరు, ఈ మాట అనడం."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. గోడ గడియారం చప్పుడు చేస్తోంది. పదకొండూ అయిదు.

లవ్‌డే లేవలేదు. బడి వంటింట్లో రెండు వందల మంది పిల్లల చేత ఉడకబెట్టిన క్యాబేజీ తినిపించిన ఓపిక ఆవిడది. "సరే, మా ఇంటి మాట వదిలెయ్యండి. తెలియక అడుగుతున్నాను. అసలు ఒక సొలిసిటరు నీ పని పట్టనని ఎప్పుడంటాడు?"

ట్రెంబాత్ కాసేపు ఆలోచించాడు. ఆ ప్రశ్నలో తను దాటకూడని గీత ఎక్కడుందో వెతుకుతున్నట్టుంది. "ఇది ఎవరికైనా చెప్పొచ్చు. చట్టం పుస్తకంలో ఉన్నదే. ఒక లావాదేవీలో ఒక పక్షం మనిషి వచ్చి, నా ఎదురుగా అరగంట కూర్చుని, తన మనసులో మాట చెప్పుకున్నాడనుకోండి. ఆ మాట నేను చచ్చినా బయట పెట్టకూడదు. తర్వాత రెండో పక్షం వాళ్ళొస్తారు. వాళ్ళ పని పడితే నాకు తెలిసిందంతా వాళ్ళకి చెప్పాలి. చెప్పాలి, చెప్పకూడదు. రెండూ ఒకేసారి ఎలా చేస్తాను? అందుకని మర్యాదగా దణ్ణం పెట్టేస్తాను."

"ఆ మొదటివాడు మీకు పని అప్పగించక్కర్లేదా?"

"అక్కర్లేదు. చెప్పుకుంటే చాలు."

"అరగంట కూర్చుని, చెప్పుకుని, లేచిపోతే చాలు."

"చాలు."

"మీ చేత అలా దణ్ణం పెట్టించడానికి కేకు కూడా అక్కర్లేదు. అది మాత్రం ఆ మనిషి మంచితనం."

ట్రెంబాత్ చూపు తలుపు వైపు పోయి, వెంటనే వెనక్కి వచ్చింది. ఆ ఒక్క చూపు లవ్‌డేకి చాలింది. 

"ట్రెంబాత్ గారూ, ఇదీ పుస్తకంలో ఉంటుందేమో చూడండి. ఒక ఊళ్ళో మూడే ఆఫీసులున్నాయి. ఒక మనిషి మూడింటికీ వెళ్ళి, మూడుచోట్లా అదే మాట చెప్పుకుని వచ్చాడు. అప్పుడు ఆ ఊళ్ళో ఆ మాట తెలిసినవాళ్ళు ముగ్గురుంటారు. కొనుక్కునేవాళ్ళకి చెప్పగలిగినవాడు ఒక్కడూ ఉండడు. మూడు నోళ్ళకీ తాళం. ఖర్చు మూడు కేకులు."

ఆయన లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాడు. అక్కడ మూసిన కిటికీ రెక్కని మళ్ళీ ఒకసారి మూశాడు. "పొగమంచు ఎక్కువగా ఉందివాళ," అన్నాడు.

ఇంతసేపూ లవ్‌డే లోపల ఒక మూల 'నువ్వు పిచ్చిదానివి, అనవసరంగా హైరానా పడుతున్నావు' అని డెంజిల్ గొంతుతో ఎవరో అంటూనే ఉన్నారు. ఆ గొంతు ఇప్పుడు ఆగిపోయింది.

"బ్యాంకు అప్పు ఏమైనా తీసుకుంటున్నారా?" అన్నాడు ట్రెంబాత్, అటే తిరిగి. "ఇది నేను ఇక్కడికొచ్చే అందర్నీ అడిగే ప్రశ్న."

"లేదండి. మా ఇల్లు అమ్మిన డబ్బే."

"ఓహో."

"ఓహో అంటే?"

"బ్యాంకు డబ్బిస్తే బ్యాంకు కూడా ప్రశ్నలు వేస్తుంది. ఏ బ్యాంకైనా, ఈ జిల్లాలో ఏ ఇంటికైనా. అంతే."

మాకంటే ఎక్కువ ఇస్తామన్నారు కదూ హెడ్లీ ఇల్లు అడిగిన ఆ చిన్న జంట, అనుకుంది లవ్‌డే. అప్పు మంజూరైన కాగితం చేత్తో పట్టుకుని వచ్చారు, ఆ అమ్మాయి కడుపుతో ఉంది. హెడ్లీ వాళ్ళని కాదన్నాడు. "మీ ఇద్దరి మొహాలూ నాకు నచ్చాయి," అన్నాడు వీళ్ళతో. ఇంటికొచ్చి డెంజిల్ ఆ సంగతి అద్దంలో చూసుకుంటూ రెండుసార్లు చెప్పాడు. నచ్చింది మొహాలు కాదు, బ్యాంకు ప్రశ్నలు వెంట రాని డబ్బు.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ దూరపు కంపెనీ ఒక పట్టీ పంపింది: వరద సంగతి, మురుగు కాలవ సంగతి, పాత గనుల సంగతి, ఏవేవి విచారించమంటారో టిక్కు పెట్టండి అని. ఈ జిల్లాలో పుట్టిపెరిగిన సొలిసిటరైతే ఆ చివరిదానికి టిక్కు పెట్టమంటారా అని అడగడు, విచారించాకే మాట్లాడతాడు. డెంజిల్ దాన్ని కొట్టేశాడు. "తగరం గనులు మా తాత పుట్టకముందే మూసేశారు. మూసేసినవాటికి విచారణేమిటి, పరామర్శకి వెళ్ళినట్టు?" అన్నాడు. ఆవిడ నవ్వింది. నవ్వి, కాగితం కవర్లో పెట్టి తనే పోస్టు చేసింది.

ఆవిడ చూపు గోడమీదకి పోయింది. పాత ఫోటో ఒకటి చట్రంలో ఉంది. నూటపాతికేళ్ళ కిందటి పెన్‌గారో. కొండమీద తగరం గనుల పొగగొట్టాలు. ఒక్కో పొగగొట్టం కింద ఒక యంత్రాల ఇల్లు, ఒక్కో యంత్రాల ఇంటి పక్కన భూమిలోకి వందల అడుగులు దిగిన ఒక గనిబావి. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. ఇప్పుడు కొండమీద నాలుగు శిథిలాలున్నాయి. నాలుగింటి బావులకీ ప్రభుత్వం కంచె వేసి, ఎర్ర బోర్డులు పెట్టింది. చిన్నప్పుడు ఆ బోర్డుల మీద రాళ్ళు వేసిన పిల్లల్లో లవ్‌డే ఒకతి.

ఫోటోలో అయిదు పొగగొట్టాలున్నాయి.

ఆవిడ లేచి దగ్గరకి వెళ్ళింది. మళ్ళీ లెక్కపెట్టింది. అయిదోది కాస్త విడిగా, చర్చి శిఖరానికి కుడివైపున ఉంది. ఇప్పుడు అక్కడ శిథిలం లేదు, బావికి కంచె లేదు. రోడ్డు మలుపుంది. మలుపులో నీలం తలుపున్న ఒంటి అంతస్తు ఇల్లుంది, హెడ్లీ ఇల్లు. ఇంటి వెనక, పళ్ళెంలా గుండ్రంగా, మధ్యలో కాస్త లోతుగా, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే పచ్చిక ఉంది. "వాననీళ్ళు నిలుస్తాయి. పిట్టలు తాగడానికి వస్తాయి," అన్నాడు హెడ్లీ.

అన్నాడు, కానీ రాతిబాట మీద నిలబడే అన్నాడు. పిట్టలకి గింజలు బాట మీంచే విసిరాడు. బట్టల తాడు పెరట్లో ఇంత చోటుండగా బాట పొడుగునా కట్టాడు. కుక్కని కూడా గొలుసు కురచగా పట్టుకుని బాట మీదే తిప్పాడు. మూడుసార్లు వెళ్ళింది తను. మూడుసార్లలో ఒక్కసారి కూడా ఆ మనిషి కాలు పచ్చిక మీద పడలేదు.

"ఆ ఫోటో పోస్టాఫీసులో కూడా అమ్ముతారు," అన్నాడు ట్రెంబాత్ వెనకనుంచి. గొంతు పొడిగా ఉంది. "ఎవరైనా చూడొచ్చు. ఎంతసేపైనా చూడొచ్చు. నేను చూపించలేదు."

"మీరు చూపించలేదు."

"ఫోన్లో 'సరే' ఎన్నింటికి?"

"పన్నెండింటికి."

ఆయన గడియారం వైపు చూశాడు. చట్టం పుస్తకంలోంచి బయటికి వచ్చిన మనిషిలా, ఒక్కసారిగా ముసలివాడైపోయి కనిపించాడు. "లాన్‌వెల్లోలో ఓపీ గారని సొలిసిటరున్నారు. పదిహేడు మైళ్ళు. గట్టి మనిషి. స్వీట్లు తినదు, అందుకని ఆవిడకెవరూ కేకులు పట్టుకెళ్ళరు." తలుపు తీసి పట్టుకున్నాడు. "ఇంకొకటి. నేను మీ సొలిసిటర్ని కాను, ఇది సలహా కాదు. ఫోన్ చేసి ఇవాళ వద్దు అని చెప్పడానికి ఏ సొలిసిటరూ అక్కర్లేదు."

బయట పొగమంచులో నిలబడి లవ్‌డే ఆ దూరపు కంపెనీకి ఫోన్ చేసింది. చిరునవ్వు నవ్వుతున్న రికార్డు గొంతొకటి, వరసలో మీది తొమ్మిదో స్థానం అని చెప్పి, వయొలిన్ సంగీతం పెట్టింది. సంగీతాన్ని ఆపి డెంజిల్‌కి చేస్తే ఈ తొమ్మిదో స్థానమూ పోతుంది. చేసినా లాభం లేదు. డెంజిల్ ఫోన్ ఎప్పుడూ వంటింట్లో బ్రెడ్డు డబ్బా మీదే ఉంటుంది. ఆ మనిషేమో పొద్దున్నే బస్సెక్కి హెడ్లీ ఇంటికి వెళ్ళాడు. వేడినీళ్ళ బాయిలరు ఎలా వెలిగించాలో చూపిస్తానని హెడ్లీయే పిలిచాడు. ఇవాళే ఎందుకు పిలిచాడో అనుకుంటూ ఆవిడ కొండెక్కడం మొదలుపెట్టింది.

చర్చి దగ్గర ఏడో స్థానం. చేపల కొట్టు దగ్గర నాలుగు. వయొలిన్లు చెవిలో గింగురుమంటున్నాయి. పరిగెత్తి ఎన్నేళ్ళయిందో ఆవిడకి గుర్తులేదు. మలుపు తిరిగేసరికి చర్చి గడియారం పదకొండున్నర కొట్టింది. ఇంకా అరగంట ఉందనుకుని ఆవిడ గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంది.

ఇంటి పక్కనుంచి పెరట్లోకి వెళ్ళింది.

హెడ్లీ కార్బిస్ రాతిబాట మీద నిలబడి ఉన్నాడు. చేతిలో కేకు పెట్టిన రేకు డబ్బా. ఆయనకి పది అడుగుల దూరంలో, ఆ గుండ్రటి పచ్చిక అంచు దాటి, చేతికర్ర మీద ఆనుకుని డెంజిల్. నూట పది కిలోల డెంజిల్, చిన్నపిల్లాడిలా వెలిగిపోతున్నాడు.

"వచ్చావా నా బంగారం!" అని కేకేశాడు. "అయిపోయింది! మధ్యాహ్నం దాకా కాచుకోవడం ఎందుకని హెడ్లీ ఐడియా ఇచ్చాడు. ఈయన ఫోన్లోంచే మనవాళ్ళకి చేశాను. పదకొండుంబావుకే కానిచ్చేశారు. ఇల్లు మనదే! చూడు, మెట్టన్నది లేదు!"

లవ్‌డే చెవి దగ్గర వయొలిన్లు ఆగాయి. "కంగ్రాచ్యులేషన్స్ అండీ," అంది ఒక ఆడపిల్ల గొంతు, ఆ కంపెనీలో తనతో మాట్లాడిన ఏడో మనిషి, సంతోషంగా. "మీ ఫైలు చూస్తున్నాను. నేను మీకేం సాయం చెయ్యగలను?"

 లవ్‌డే ఫోన్ కిందకి దించింది.

"డెంజిల్." గొంతు పెంచకుండా పిలిచింది, నిద్రలో నడిచేవాణ్ణి పిలిచినట్టు. "నా దగ్గరకి రా. మెల్లగా. వచ్చిన దారినే రా."

"ఆయన్ని కాస్త సంతోషపడనివ్వండి పాపం," అన్నాడు హెడ్లీ. మెత్తటి నవ్వు. "ఎన్నాళ్ళుగానో ఎదురు చూశారు."

"పడనిద్దాం హెడ్లీ గారూ. మీరూ రండి. ముగ్గురం వెళ్ళి ఆ పచ్చిక మధ్యలో నిలబడి కేకు తిందాం. నాకు మీ నిమ్మతొక్క చాలా ఇష్టం. ఇవాళ ట్రెంబాత్ గారి ఆఫీసులో కూడా తిన్నాను."

హెడ్లీ మొహాన నవ్వు అలాగే ఉంది. దాని వెనక మనిషి లేడు.

"గడ్డి తడిగా ఉంది," అన్నాడాయన. "ఇవి కొత్త బూట్లు."

"పాతవి వేసుకుని రండి. మేం ఆగుతాం."

హెడ్లీ డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. బూట్లు బాట మీంచి కదల్లేదు.

"ఏమిటే ఆ పంతం, పాపం ఆయన..." అంటూ డెంజిల్ ఆవిడ వైపు తిరగబోయాడు. తిరగడానికి బరువంతా చేతికర్ర మీద వేశాడు. కర్ర గడ్డిలోకి దిగింది. జానెడు దిగింది. ఆగలేదు. పిడి దాకా, వెన్నలోకి కత్తిలా దిగిపోయింది.

డెంజిల్ వంగి దాన్ని పైకి లాగాడు. కర్ర వచ్చింది. అది చేసిన చిన్న గుండ్రటి కంతలోకి చుట్టూ ఉన్న మట్టి జలజలా జారింది. ఆ వెంట గుడ్డంత రాయొకటి దొర్లి లోపలికి పోయింది.

లవ్‌డే పెదవులు వాటంతటవే లెక్కపెట్టాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అప్పుడు చాలా కిందనుంచి, నీళ్ళలో ఏదో పడిన చప్పుడు వినిపించింది.

"ఏమిటది?" అన్నాడు డెంజిల్, మొహమ్మీద నవ్వింకా పూర్తిగా పోకుండానే.

రాతిబాట మీద హెడ్లీ కార్బిస్ ఒక అడుగు వెనక్కి వేశాడు.